సున్నం బెల్లం పట్టు

మా బావ పరదేశి, షెడ్డుకి కారు వచ్చీ రాగానే బానెట్టు ఎత్తేవాడు కాదు. ముందు దాని మీద అరచెయ్యి వేసేవాడు. ఇంజను తిప్పమని డ్రైవరుకి సైగ చేసి, చెవి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. చుట్టూ పోగైన జనం గుసగుసలు మానేసేవారు. ఆ మూసుకున్న కళ్లల్లో ఒకటి కాస్త తెరిచి, ఎంతమంది చూస్తున్నారో చూసుకుని, అప్పుడు చెప్పేవాడు రోగం పేరు. నా కుట్టుమిషను దుకాణం అతని షెడ్డుకి సరిగ్గా ఎదురు. కాజాలు కుట్టుకుంటూ రోజూ ఈ నాటకం టిక్కెట్టు లేకుండా చూసినవాణ్ని.

"పిత్తం," అనేవాడు. "ఈ బండికి పిత్తం ముదిరిపోనాది."

ఇంజను వేడెక్కితే పిత్తం. గడగడలాడితే వాతం. కార్బరేటరులో నలుసు పడి, దగ్గి దగ్గి ఆగిపోతే కఫం. అప్పటికి తెల్లవాళ్లు వెళ్లిపోయి పదేళ్లయినా కాలేదు. చోడవరం చుట్టుపట్ల కార్లున్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బెల్లం అమ్మి కొన్న కార్లవి. బానెట్టు కింద ఏముందో ఒక్కరికీ తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. కానీ వాతం, పిత్తం, కఫం అంటే ముసలమ్మ దగ్గర్నుంచీ అందరికీ తెలుసు. అందుకని బుద్ధిగా తల ఊపేవారు. తల ఊపడంలో మా ఊరివాళ్లని మించినవాళ్లు లేరు.

ఈ వైద్యం ఎక్కడిదంటే, వాళ్ల నాన్నది. ఆయన చీడికాడ వైపు పసరు మందులు ఇచ్చేవాడు. ఆయన మందు తిని బతికినవాళ్లు ఆయన హస్తవాసి గొప్పదని చెప్పేవారు. మిగతావాళ్లు చెప్పడానికి లేరు. కొడుకు యుద్ధం రోజుల్లో వైజాగు వెళ్లి మిలటరీ లారీలు కడిగాడు. అవును, కడిగాడు. రిపేరు చేసేవాళ్ల పక్కన బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. యుద్ధం అయిపోయాక ఒక ఖాకీ చొక్కా, ఒక స్పానర్ల సంచీ పట్టుకుని ఊళ్లో దిగి, తాటాకు షెడ్డు వేసి, "మోటారు డాక్టరు పరదేశి" అని చెక్క మీద తెల్లరంగుతో రాయించుకున్నాడు. ఆ చొక్కా చూసే మా నాన్న మా అక్క రాజ్యాన్ని ఇచ్చాడు. చొక్కా చూసి పిల్లనిచ్చేవాళ్లని ఏమనాలో దర్జీవాణ్నైన నాకు ఇప్పటికీ తోచదు.

ఉన్నమాట చెప్పుకోవాలి కాబట్టి చెబుతాను. ప్లగ్గులు గీకి మసి దులిపి, కార్బరేటరు విప్పి నోటితో ఊది, బెల్టు బిగిస్తే సగం బళ్లు కదుల్తాయి. అంతవరకు బావకి వచ్చు. ఆ మిగతా సగం దగ్గరే పేచీ. బాగవని బండి తిరిగొస్తే తప్పు డాక్టరుది కాదు, డ్రైవరుది. "పత్యం సేసేవేటి? మిట్టమజ్జాన్నం తోలేవు కాదూ? నానేటి సెప్పేను? సల్లపూటే తోలమన్నానా లేదా?" అని గదమాయించేవాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. డ్రైవర్లు నిజంగానే తప్పు చేసినట్టు తలలు దించుకునేవారు. కారుకి పత్యం ఏమిట్రా వెర్రివెధవా అని ఒక్కడు అడిగితే నా చెవులు చల్లబడేవి.

షెడ్డు ముందు ఒక పాత లారీ సీటు వేసుకుని అతని తల్లి అచ్చియ్యమ్మ కూర్చునేది. కొడుకు ప్రతాపం దారినపోయేవాళ్లకి దండోరా వెయ్యడం ఆవిడ పని. "నా కొడుకు సెయ్యి తగిల్తే సచ్చిన మోటారైనా లేసి కూకుంటాది," అనేది. నేను నవ్వితే, "ఆడికి కుళ్లు. బావ బాగుపడతన్నాడని కుళ్లు," అని వీధందరికీ వినపడేలా చెప్పేది. ఊరంతా ఆ మాటే నమ్మింది. నేను బావని ఎంత వెక్కిరిస్తే నాకు అంత కుళ్లు అని లెక్క.

ఇక సున్నం బెల్లం సంగతికి వస్తాను.

ఒకసారి ప్లీడరు అనంతపద్మనాభం గారి కారుకి పెట్రోలు టాంకీ కారడం మొదలైంది. చిన్న చిల్లు. బావ టాంకీ కింద దూరి, నిమిరి, బయటికి వచ్చి, "కురుపండి," అన్నాడు. కురుపుకీ బెణుకుకీ మన ఇళ్లలో ఏం వేస్తాం? సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తాం. ఇంటికి కబురంపితే అక్క సున్నం బెల్లం నూరి పంపింది. చిల్లు మీద దాన్ని దళసరిగా మెత్తి ఆరబెట్టాడు. నమ్మండి, నమ్మకపోండి, కారడం ఆగిపోయింది! నెలలు గడిచినా చుక్క బయటికి రాలేదు. పెట్రోలులో బెల్లం కరగదు. అందులో గొప్పేమీ లేదు. గుడ్డెద్దు చేలో పడింది, అంతే. కానీ ప్లీడరుగారు కోర్టులో, క్లబ్బులో, పెళ్లిళ్లలో ఆ పట్టు కథే చెప్పాడు. చట్టం చదివినాయన చెబుతున్నాడు కాబట్టి జనం మరీ నమ్మారు. దేవరాపల్లి, రావికమతం నుంచి కూడా బళ్లు రావడం మొదలైంది. బావ సంచీలో స్పానర్ల పక్కన బెల్లం డబ్బా చేరింది.

డబ్బా చేరాక ఊరుకుంటాడా? నీళ్లు కారే రేడియేటరుకి కూడా అదే పట్టు వేశాడు.

అక్క ఆ రోజు నూరుతూ నూరుతూ ఆగి అడిగిందట. "బెల్లం నీళ్లల్లో కరిగిపోదేటి? పానకం ఎలగవుతాది మరి?"

"నీకేటి తెల్సు? పిత్తానికి తీపే మందు. నూరు," అన్నాడట.

ఆ బండి దేవరాపల్లి రైతుది. పొద్దున్న దర్జాగా వెళ్లింది. సాయంత్రానికి రెండెడ్లు లాక్కుని వచ్చాయి. బానెట్టు ఎత్తితే వీధంతా పాకం వాసన. బావ రైతు మీద విరుచుకుపడ్డాడు. పత్యం చెయ్యలేదన్నాడు, ఎండలో తోలేవన్నాడు. ఆ మనిషి క్షమించమని కూడా అన్నాడు! కానీ వాళ్లు వెళ్లిపోయాక నేనొకటి చూశాను. బావ టీ దుకాణం నుంచి గ్లాసుడు వేడినీళ్లు తెప్పించుకుని, ఎండిన పట్టు ముక్క అందులో వేసి, అలా చూస్తూ కూర్చున్నాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. ముక్క అడుగున తెల్లటి మడ్డి అయిపోయింది. అటూ ఇటూ చూసి గ్లాసు కాలవలో పారబోశాడు. ఎదురుగా నేను కనపడితే, "ఏటిరా సత్యం, గుడ్డలు కుట్టుకోవేటి?" అన్నాడు.

అంటే తెలుసు. ఆ రోజు నుంచి అతనికి తెలుసు. నా కోపమంతా అక్కడే. తెలియక చేసేవాణ్ని అమాయకుడని వదిలెయ్యొచ్చు.

ఆ ఏడు గానుగలు జోరుగా ఆడుతున్న రోజుల్లో దాసు టాక్సీ రేడియేటరు కారడం మొదలెట్టింది. ఊళ్లో బాడుగకి తిరిగే కారు అదొక్కటే. దాసు కాస్త నెమ్మదైన మనిషి. "పోనీ వైజాగు పట్టుకెళ్లి టంకం పెట్టించమంటారేటి?" అని బావనే అడిగాడు. అప్పుడైనా అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. షెడ్డు ముందు పదిమంది ఉన్నారు. సీటు మీద తల్లి ఉంది. "సోడవరంలో డాక్టరుండగా వైజాగెందుకురా?" అన్నాడు బావ. డబ్బా మూత తీశాడు.

ఆ పట్టు ఆరీ ఆరకముందే అక్కకి నొప్పులు మొదలయ్యాయి.

పెళ్లయిన చాలా కాలానికి, ఎన్నో మొక్కుల తర్వాత నిలిచిన కడుపు అది. పొద్దున్నంతా మంత్రసాని సన్యాసమ్మ తనకు చేతనైనదంతా చేసింది. పొద్దెక్కాక చేతులు కడుక్కుని బయటికి వచ్చి, "బిడ్డ అడ్డం తిరిగినాది బాబూ. నా వల్ల కాదు. అనకాపిల్లి ఆస్పత్రికి తోవ పట్టండి. జాగు సేస్తే ఇద్దరూ దక్కరు," అంది. బస్సు పొద్దున్నే వెళ్లిపోయింది. ప్లీడరుగారి కారు ఆయనతోపాటు వైజాగు కోర్టుకి వెళ్లింది. ఎవరో దాసు కోసం పరిగెత్తారు. టాక్సీ వచ్చి గుమ్మం ముందు ఆగింది.

అక్కని మంచం మీద బయటికి తెచ్చారు. పళ్లు బిగించుకుని ఉంది, అరవడం లేదు. బావ టాక్సీని చూశాడు. రేడియేటరుని చూశాడు.

"ఆ బండొద్దు," అన్నాడు.

ఎవరూ వినిపించుకోలేదు. బావ వెళ్లి కారు తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "ఆ బండెక్కించకండర్రా! అనకాపిల్లి సేరదది. సగం తోవలో ఆగిపోతాది. నానే సేసేను గదా, నాకు తెల్సు. అది బెల్లమర్రా, కరిగిపోతాది! ఎడ్లబండి కట్టండి, మెల్లగైనా సేరతాది!"

బతుకులో మొదటిసారి అతను సరైన రోగం చెప్పాడు. కళ్లు మూసుకోకుండా, చెవి ఆనించకుండా చెప్పాడు. ఒక్కడంటే ఒక్కడు నమ్మలేదు.

"పెళ్లాం మీద బెంగతో మతి సెడినాది పాపం," అన్నారు. "పరదేశీ, నీ సేతి బండి ఆగడమేటి? దైర్యంగుండు," అని భుజం తట్టారు. దాసు కూడా, "డాక్టరుగారూ, పొద్దుట్నుంచీ సుక్క కార్లేదు. మీరు సేసేక కారతాదేటి?" అన్నాడు.

నేను నమ్మాను. అతన్ని ఎప్పుడూ నమ్మనివాణ్ని కాబట్టి ఆ మాట నమ్మాను. "బావ సెప్పింది నిజం. గ్లాసులో ముక్క కరగడం నాను కళ్లారా సూసేను," అని అరిచాను. అచ్చియ్యమ్మ నా మీద లేచింది. "ఇయాల కూడానేటిరా నీ కుళ్లు? నీ అప్ప పాణం కన్నా నీ కుళ్లే ఎక్కువైపోనాదేటి?" అంది. జనం నన్ను పక్కకి లాగేశారు. సరే, కనీసం దారిలో పోసుకోవడానికైనా ఉంటాయని ఒక కిరసనాయిలు డబ్బా నిండా నీళ్లు తెచ్చి కారులో పెట్టబోయాను. అచ్చియ్యమ్మ దాన్ని కాలితో బయటికి తోసింది. నీళ్లు వీధిలో ఒలికిపోయాయి. "నా కొడుకు బాగుసేసిన బండికి నీళ్ల డబ్బానా? సిగ్గు నేదూ!" అని, డబ్బా పెట్టాల్సిన చోట తను ఎక్కి కూర్చుంది.

దాసు హ్యాండిలు తిప్పాడు. బావ, నేను కారు పక్కనున్న మెట్ల మీద చెరొకవైపు వేలాడుతూ బయల్దేరాం.

వెంకన్నపాలెం దాటాక పాకం వాసన మొదలైంది. బావ నా వైపు చూశాడు. నేను చూడలేదు. ఇంకాస్త దూరం పోయేసరికి ముందునుంచి ఆవిరి లేచింది, ఇంజను గట్టిగా కొట్టుకుని ఆగిపోయింది. దాసు బానెట్టు ఎత్తాడు. పట్టు వేసిన చోట వేలు పట్టేంత సందు, దాని కింద ఎర్రటి జిగురు చారలు. చుట్టూ చెరుకు కొట్టేసిన చేలు. ఎక్కడా గుంటలో నీళ్లు లేవు. ఉన్నా ఆ సందులోంచి అలాగే పోతాయి.

అచ్చియ్యమ్మ నోరు మొదటిసారి మూతపడింది. అక్క మాత్రం కళ్లు తెరిచి, "ఆగిపోనాదేటి?" అని అడిగింది. బావ రోడ్డు మీద కూలబడి ఏడ్చాడు. నాకు జాలి వెయ్యలేదు. వేసిందని అబద్ధం రాయను.

చాలాసేపటికి బెల్లం బండి ఒకటి వచ్చింది, అనకాపల్లి సంతకి పోతున్నది. ఆ బండివాడు ఏమీ అడగలేదు. దిమ్మలు సర్ది, గడ్డి పరిచి, అక్కని పడుకోబెట్టించాడు. సున్నం లేని బెల్లం మీద పడుకుని మా అక్క ఆస్పత్రి చేరింది. ఎడ్లు ఎంత తోలితే మాత్రం ఎంత నడుస్తాయి? ఊళ్లోనే ఎడ్లబండి కట్టి ఉంటే అప్పటికి ఎప్పుడో చేరేవాళ్లం. లోపలికి తీసుకెళ్లిన డాక్టరమ్మ బయటికి వచ్చి, తల్లి దక్కిందని చెప్పింది. కాస్త ముందు తెస్తే బిడ్డ కూడా దక్కేదని, అది కూడా చెప్పింది. మగబిడ్డ.

ఇదంతా విని మా ఊరు ఏం నేర్చుకుందో చెబుతాను, వినండి.

"ముందే సెప్పేడర్రా! బండి సగం తోవలో ఆగిపోతాదని ఆగకముందే సెప్పేడు! ముట్టుకోలేదు, సెవి పెట్టలేదు. గుమ్మంలో నిలబడి సూసి సెప్పేసేడు!" టీ దుకాణంలో ఇదే మాట. బస్సుల దగ్గర ఇదే మాట. డాక్టరు మాట పెడచెవిన పెట్టడం వల్లే బిడ్డ పోయిందని, తప్పంతా డాక్టరు మాట వినని దాసుదని తేల్చారు. ఆ మాట విననివాళ్లలో తామూ ఉన్నామని ఒక్కడికీ గుర్తు రాలేదు. బావ పేరు ఇనుమడించింది. వైజాగు నుంచి దిగిన అనంతపద్మనాభం గారు షెడ్డుకి వచ్చి మరీ, "పరదేశీ, నీది నాడీజ్ఞానం కాదోయ్, దివ్యదృష్టి!" అన్నాడు.

బావ మొదట్లో తల వంచుకుని, "కాదండి, నాదే తప్పండి," అనేవాడు. చూడండి ఎంత వినయమో అనేవారు. కొన్నాళ్లకి అనడం మానేశాడు. ఇంకొన్నాళ్లకి మళ్లీ బానెట్ల మీద చెయ్యి వేసి కళ్లు మూసుకోవడం మొదలెట్టాడు. నేను నా మిషను మీద నుంచి చూస్తూ కూర్చున్నాను. వెళ్లి కత్తెర పెట్టి పొడవాలనిపించిన మాట నిజం.

అక్క లేచి తిరగడానికి చాలా రోజులు పట్టింది. లేచిన తర్వాత ఒకనాటి ఉదయం నేరుగా షెడ్డుకి వచ్చింది. అప్పుడే ప్లీడరుగారి కారు ముందు జనం మూగి ఉన్నారు. రేడియేటరు కారుతోంది. బావ చెవి ఆనించి ఉన్నాడు. అచ్చియ్యమ్మ సీటు మీద ఉంది. అక్క టీ దుకాణంలోంచి గ్లాసుతో మరుగుతున్న నీళ్లు పట్టుకొచ్చి బానెట్టు మీద పెట్టింది. బావ సంచీలోంచి డబ్బా తీసి, ఎండిన పట్టు ముక్క గ్లాసులో పడేసింది.

"సూడండి," అంది. అంతే అంది. జనం చూశారు. నీళ్లు ఎర్రబడ్డాయి. ముక్క అరిగి అరిగి కనపడకుండా పోయింది.

"నా గుంటణ్ని మింగిన రోగం ఇదే. ఈయనకి ముందే తెల్సు. ఈయనకి తెల్సని నాకు తెల్సు," అంది అక్క. గ్లాసు తీసి బావ ముందు పట్టుకుంది. "తాగు."

అచ్చియ్యమ్మ లేచి ఏదో అనబోయింది. అక్క ఆవిడ వైపు తిరిగి చూసింది. ఆవిడ మళ్లీ కూర్చుంది. బావ గ్లాసు పుచ్చుకున్నాడు. నోరు కాల్తున్నా ఊదుకోకుండా గుటకలు వేశాడు, అడుగున మడ్డి పెదాలకి అంటుకునేదాకా.

అప్పుడు అనంతపద్మనాభం గారు, చట్టం చదివిన మనిషి, ముందుకు వంగి అడిగాడు: "ఇది మెకానిక్కు తాగాలా అమ్మా, రేడియేటరులో పొయ్యాలా?"

ఆ రోజు నేను నవ్వలేదు. ఇలాంటి ఊళ్లో పుట్టినందుకు నా నుదురు నేనే కొట్టుకున్నాను.

బావ పెదాలు తుడుచుకున్నాడు. "అయ్యా, ఇది నాకు సేతకాదండి. వైజాగు పట్టుకెళ్లి టంకం పెట్టించుకోండి," అన్నాడు. ప్లీడరుగారికి కోపం వచ్చింది. ఇంత నమ్ముకుని వస్తే ఇదేనా మర్యాద అన్నాడు. ఆ తర్వాత బావ చేతనైంది చేతనవుననీ, చేతకానిది చేతకాదనీ చెప్పడం మొదలెట్టాడు. ప్లగ్గులు గీకేవాడు, కార్బరేటరు ఊదేవాడు, బెల్టు బిగించేవాడు. మిగతావి తెలీవు అనేవాడు. బళ్లు రావడం తగ్గిపోయింది. "బిడ్డ పోయేక పరదేశి సెయ్యి పోనాది," అని ఊళ్లో అనుకున్నారు. అబద్ధం చెప్పినన్నాళ్లూ డాక్టరు. నిజం చెబితే చెయ్యి పోయినవాడు. బోర్డు నేనే దింపాను. అక్క దాన్ని షెడ్డు ముందు మురికికాలవ మీద, బళ్లు దాటడానికి వెయ్యమంది.

ఆ ఎండాకాలం రావికమతం నుంచి ఒక కారు వచ్చి కాలవ దాటి షెడ్డు ముందు ఆగింది. ముందునుంచి ఆవిరి లేస్తోంది. వెనక సీట్లో ఒళ్లు కాలిపోతున్న ముసలాయన ఒకడు మూలుగుతున్నాడు. ఆయన్ని అనకాపల్లి తీసుకెళ్తున్నారట. కొడుకు దిగి, "మోటారు డాక్టరుగారి షెడ్డు ఇదేనా?" అని అడిగాడు.

అక్క గుమ్మంలో ఉంది. "డాక్టరు పోయేడు బాబూ," అంది. "మెకానిక్కున్నాడు. పిలవమంటారా?"

బావ చేతులు తుడుచుకుంటూ లేచి వచ్చాడు. రేడియేటరుని చూసి, "దీనికి టంకం పెట్టాలండి, నాకు రాదు. కాసేపు సల్లారనిచ్చి, నీళ్లు పోసుకుంటూ, ఆపుకుంటూ తోలండి," అన్నాడు.

ఆ కొడుకు బావని కింద నుంచి పైదాకా చూశాడు. "మాకు డాక్టరే కావాలి. ఈయనతో పని కాదు," అని కారెక్కేశాడు. డ్రైవరు హ్యాండిలు తిప్పాడు. కారు మా బోర్డు తొక్కుకుంటూ వెనక్కి తిరిగి అనకాపల్లి రోడ్డు పట్టింది. అక్క లోపలికి పరిగెత్తి నిండు నీళ్ల డబ్బా ఎత్తుకొచ్చింది. "బాబూ, ఈ నీళ్లైనా పట్టుకెళ్లండి! బాబూ!" అని అరుస్తూ రోడ్డు మీద చాలా దూరం వెంటపడింది. వాళ్లు ఆపలేదు.